నడిసంద్రంలో ఆగిన కథ

ప్రభుత్వం పిలిచి కథ చెప్పమంటే కాదనే ధైర్యం బడి టీచర్లకు ఉండదు. నాకూ లేదు. పైగా జిల్లాలో నా పేరు కాస్త మోగుతున్న రోజులవి. కారణం పెద్దదేమీ కాదు. ఏదో శిక్షణ తరగతిలో, భోజనానికీ కునుక్కీ మధ్య దొరికిన సందులో, నేనొక కథ చెప్పాను. నిద్రపోవాల్సిన టీచర్లు నిద్రపోకుండా విన్నారు. శిక్షణ తరగతుల చరిత్రలో అలాంటిది ఎప్పుడూ జరగలేదట. ఆ మర్నాటి నుంచి నేను కథలు చెప్పే టీచరమ్మనైపోయాను. అంతకు ముందు ఏళ్ల తరబడి పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పాను గానీ సమాసాలు చెప్పే టీచరమ్మ అని ఎవరూ నన్ను పిలిచి శాలువా కప్పిన పాపాన పోలేదు.

అలా ఒకరోజు బడికి ఫోనొచ్చింది. కళింగపట్నం బీచిలో ఉత్సవం చేస్తున్నారు. గాలిపటాలు, ఇసుక బొమ్మలు, తినుబండారాల కొట్లు, సాయంత్రం డాన్సులు. వాటి మధ్యలో కుటుంబాలతో వచ్చేవాళ్ల కోసం కథ చెప్పడం అనే అంశం పెట్టారు. ఉత్సవం బాధ్యత నెత్తినేసుకున్న ఆఫీసరుగారు స్వయంగా మాట్లాడారు. కథ ఏదైనా ఫరవాలేదు గానీ సందేశం ఉండాలి అన్నారు. ఏ సందేశం అండీ అని అడిగాను. మరుగుదొడ్డి అన్నారు.

ఆ సంవత్సరాలు అలాంటివి. పాటైనా, నాటకమైనా, ముగ్గుల పోటీ అయినా చివరికి మరుగుదొడ్డి దగ్గర తేలాలి. నేను చెప్పిన కథల్లో రాజకుమారి రాక్షసుడి కోట నుంచి పారిపోవడానికి ముఖ్య కారణం అక్కడ మరుగుదొడ్డి లేకపోవడం అని ఒకసారి మార్చాల్సి వచ్చింది. పిల్లలు నమ్మారు. పిల్లలు ఏదైనా నమ్ముతారు. సరే, చూస్తానండీ అన్నాను. సందేశం చివర్లో వస్తే చాలు, మధ్యలో ఎన్ని వేషాలైనా వెయ్యండి అని ఆయన అభయమిచ్చారు.

మాది కోటబొమ్మాళి వైపు. వరి పండే ఊళ్లు. సముద్రం మాకు పెళ్లయిన కొత్తలో ఒకసారి, పిల్లలు పుట్టాక మరోసారి చూసి వచ్చేసేది. మా ఇంట్లో మిషన్ చర్చి భక్తి, ఆదివారం బడి. పిల్లిని చూసి ఆగడం, తుమ్మితే కూర్చోవడం లాంటివి మా ఇంటా వంటా లేవు. అవన్నీ ఇతరుల నమ్మకాలు. మాది మాత్రం విశ్వాసం. ఈ తేడా నేను చాలా ఏళ్లు గట్టిగా పట్టుకుని బతికాను.

సముద్రం దగ్గర ఉత్సవం కాబట్టి సముద్రం కథే చెప్పాలని నేను నిర్ణయించుకున్నాను. నా తెలివి అలా ఉండేది. మంగలి షాపులో కూర్చుని కత్తెర గురించి ఉపన్యాసం ఇవ్వడం గొప్ప అనుకునే రకం తెలివి. నా దగ్గర ఒక కథ సిద్ధంగా ఉంది. నేనే కట్టుకున్నది. నాలుగు బళ్లలో చెప్పి, నలుగురిని ఏడిపించి, బాగా సానబెట్టిన కథ.

ఒక మావ, ఒక అల్లుడు. ఇద్దరిదీ ఒకే పడవ. పెళ్లి విందులో చేప తలకాయ ముక్క అల్లుడి ఆకులో వెయ్యాల్సింది పొరపాటున ఎవరో బంధువుకి వేసేశారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కానీ వేటకు ఇద్దరూ కలిసే వెళ్లాలి, పడవ ఒక్కటే. అందుకని అన్నం క్యారేజీతో మాట్లాడుకుంటారు. "ఓ క్యారేజీ, వల లాగమని మా మావకి చెప్పు" అంటాడు అల్లుడు. "ఓ క్యారేజీ, లాగుతున్నానని ఆ మొనగాడికి చెప్పు" అంటాడు మావ. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. అలా నవ్వించి నవ్వించి, గాలి లేపుతాను. కెరటం లేపుతాను. పడవ తిరగబడుతుంది. బోర్లాపడ్డ పడవ మీదికి ఎక్కిన అల్లుడు, క్యారేజీ కొట్టుకుపోయింది కాబట్టి, మొదటిసారి నోరు తెరిచి "మావా" అని పిలుస్తాడు. జవాబు రాదు. సరిగ్గా అక్కడ నేను మాట ఆపి, చీర కొంగు భుజం మీదికి సర్దుకుంటాను. టీచర్లు కొంగులు కళ్ల దగ్గరికి తీసుకెళ్తారు. ఆ కొంగుల కోసమే కథంతా.

ఇందులో మరుగుదొడ్డి ఎక్కడ పెట్టాలి అని వారం రోజులు ఆలోచించాను. చివరికి, మావ జ్ఞాపకార్థం అల్లుడు ఇంటి పెరట్లో మరుగుదొడ్డి కట్టించాడు అని ముగించడానికి సిద్ధమయ్యాను. ఆఫీసరుగారికి ఫోన్లో చెబితే, చాలా బాగుందమ్మా, హృదయాన్ని తాకుతోంది అన్నారు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం బస్సు దిగి బీచికి చేరేసరికి ఎండ ఇంకా దంచుతోంది. ఇసుక మీద బ్లీచింగు పౌడరుతో తిన్నగా గీతలు గీసి ఉన్నాయి. పల్లెలో వాళ్లు ఎప్పుడూ చేపలు ఎండబెట్టే చోటు ఊడ్చేసి కుర్చీలు వేశారు. వేదిక సరిగ్గా బోట్లు ఒడ్డుకెక్కే చోట కట్టారు, అక్కడి నుంచి సముద్రం బాగా కనిపిస్తుందని. ఒడ్డున ఉన్న బోట్లను దూరంగా, కార్లు ఆపే స్థలానికి అవతలికి తోయించారు. సముద్రతీర ఉత్సవంలో వాసన రాకూడదు, వలలు కాళ్లకు తగలకూడదు, బోట్లు అడ్డం ఉండకూడదు. ఆ మూడూ లేని సముద్రాన్ని ఆఫీసరుగారు ఎంతో కష్టపడి తయారుచేశారు.

నా వంతు వచ్చేసరికి ముందు వరస సోఫాలు ఖాళీ. అవి మంత్రిగారి కోసం. వాటి వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలు. ఒడిలో పిల్లలు, చేతిలో ఫోన్లు. వేదికకు పక్కగా, ఇసుకలో, పల్లె ఆడవాళ్లు ఒక గుంపుగా కూర్చున్నారు. ఎవరూ కుర్చీల్లోకి రాలేదు. పైగా వేదిక వైపు తిన్నగా కాకుండా, ఓరగా, సగం సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు. ఇదేం మర్యాద అనుకున్నాను. అయినా జనం వచ్చారు కదా, కథ అనగానే పల్లె కదిలింది అని ఆఫీసరుగారు మురిసిపోతుంటే నేనూ కలిసి మురిసిపోయాను.

కథ మొదలెట్టాను. కథ చెప్పేవాళ్లకు కావలసింది చప్పట్లు కాదు. ఊ కొట్టే మనిషి. మాట మాటకీ ఎదుటి నుంచి ఊ అని వినపడితేనే తర్వాతి మాట నోట్లోకి వస్తుంది. కుర్చీల్లో వాళ్లు నన్ను ఫోన్లలోకి ఎక్కించుకుంటున్నారు. ఫోను ఊ కొట్టదు. నేను దిక్కులు చూస్తుంటే ఇసుకలోంచి ఊ అని వినపడింది. గుంపులో ముందు కూర్చున్న మనిషి. నడివయసు ఉంటుంది. ఒళ్లో అల్యూమినియం క్యారేజీ పెట్టుకుని, కళ్లు నీళ్ల మీద, చెవి నా మీద పెట్టి కూర్చుంది. ఎంత చక్కటి ఊ అనుకున్నారు. తొందర లేకుండా, బెట్టు లేకుండా, నీ పని నువ్వు చెయ్యి అన్నట్టు.

నేను రెచ్చిపోయాను. క్యారేజీ మాటలకు పిల్లలు కుర్చీల మీద నుంచి జారారు. ఆవిడ కూడా తన ఒళ్లో క్యారేజీ చూసుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి గాలి ఎప్పటికన్నా గట్టిగా లేపాను. కెరటాన్ని తాటిచెట్టంత లేపాను. మైకులో హోరు చేశాను. పడవ ఒక పక్కకి ఒరిగింది అన్నాను. ఊ రాలేదు. ఉత్కంఠ అనుకున్నాను. పడవ తిరగబడిపోయింది అన్నాను, మనుషులు నీళ్లలో పడిపోయారు అన్నాను, ఊ కోసం ఆగాను. గుంపులో ఒక్కరు కూడా కదల్లేదు. అందరూ సముద్రం వైపు నుంచి తలలు తిప్పి నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్లలో అంత నిశ్శబ్దం నేను ఎవరి దగ్గరా సంపాదించలేదు. నా గుండె పొంగింది.

సరిగ్గా అప్పుడు సైరన్ మోగింది. మంత్రిగారు మూడు గంటల ఆలస్యాన్ని వదిలేసి ఒక్కసారిగా వచ్చేశారు. ఆఫీసరుగారు వేదిక మీదికి ఒక్క గెంతులో వచ్చి నా చేతిలో మైకు లాక్కుని, కథ చాలా అద్భుతంగా ముగిసింది, అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి అన్నారు. కుర్చీల్లో వాళ్లు కొట్టారు. పడవ బోర్లా, మనుషులు నీళ్లలో, అల్లుడికి మావా అని పిలిచే వీలు కూడా రాలేదు, సందేశం పెరట్లోకి చేరలేదు. నేను మెట్లు దిగి వేదిక వెనక్కి వచ్చేశాను. సత్కారం మంత్రిగారి చేతుల మీదుగా ఉంటుంది, ఎక్కడికీ కదలకండి అని చెవిలో చెప్పారు.

వేదిక వెనక జనరేటరు బండి, వాడని ఫ్లెక్సీలు, మంచినీళ్ల డబ్బాలు. అక్కడ ఒక డబ్బా మీద కూర్చుని నా కొంగులు నాకు దక్కకుండా చేసిన మంత్రిగారిని మనసులో తిట్టుకుంటున్నాను. ఎదురుగా ఆవిడ వచ్చి నిలబడింది. చంకలో క్యారేజీ. వెనక మరికొందరు ఆడవాళ్లు. కథ బాగుందని చెప్పడానికి వచ్చారనుకుని మొహం సర్దుకున్నాను.

"ఏటి టీచరమ్మా, బోటుని నీటిలో ఒగ్గీసి దిగొచ్చీసినావు?" అంది.

మంత్రిగారు వచ్చారు కదమ్మా, ఆపేశారు అన్నాను. ఆవిడకు ఆ జవాబు ఎక్కలేదు. ముంచింది మంత్రి కాదు కదా అంది. తర్వాత మెల్లగా, నాకు అర్థమయ్యేలా, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది. బోటు వేటలో ఉండగా ఈ ఒడ్డున ఎవరూ మునిగిన మాట ఎత్తరట. పాటలోనైనా, ఆటలోనైనా, పిల్లలు ఇసుకలో గీసిన బొమ్మలోనైనా పడవను నీళ్లలోకి దింపితే మళ్లీ ఒడ్డెక్కించి, తడి తగలని మెరక దాకా లాగాకే లేవాలట. సగంలో వదిలేస్తే అది అక్కడే ఉండిపోతుందట.

నాకు ఒళ్లు మండింది. నా కథ గురించి మూఢనమ్మకాల క్లాసు పెట్టడానికి వచ్చారా అనుకున్నాను. అమ్మా, అది ఉత్త కథ, నేనే కల్పించాను అన్నాను.

"నువ్వే కల్పించినావు. మరి నువ్వే తియ్యి" అంది. "మా ఇంటాయన తెల్లారగట్ల ఏటకెల్లినాడు. ఎండెక్కేసరికి వచ్చీయాల. ఇంకా రానేదు. ముగ్గురెల్లినారు."

అప్పుడు అర్థమైంది ఆ గుంపు ఎందుకు ఓరగా కూర్చుందో. వాళ్లు నా కథ కోసం రాలేదు. బోట్లు వచ్చే చోట కూర్చుని ఎదురుచూడటం వాళ్లకు రోజూ పని. ఆ చోటే వేదిక కట్టారు కాబట్టి నా కథ వాళ్ల చెవిలో పడింది. మిగిలిన బోట్లన్నీ పొద్దున్నే వచ్చేశాయి. ఆ ఒక్కటే రాలేదు. మధ్యాహ్నం ఒక బోటు వెతకడానికి వెళ్లింది, అదీ తిరిగి రాలేదు. ఒళ్లో ఉన్నది భర్తకు తెచ్చిన అన్నం. ఆ అన్నం పట్టుకుని, భర్త రాని సముద్రం ముందు కూర్చున్న మనిషికి, నేను మైకు పెట్టి, హోరు చేసి మరీ పడవ ముంచి చూపించాను. ఆవిడ నన్ను కొట్టనందుకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

భయం వేసింది. కానీ నా భయం ఎప్పుడూ కోపం వేషంలోనే వస్తుంది. ఒక్క ముక్కలో తేల్చేద్దామనుకున్నాను. సరేనమ్మా, పడవ మళ్లీ తిన్నగా అయ్యింది, ఒడ్డుకి వచ్చేసింది, అందరూ క్షేమం, సరేనా అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ముంచినప్పుడు ఎంతసేపు ముంచినావు. గాలి సెప్పినావు, కెరటం సెప్పినావు. తెచ్చినప్పుడు ఒక్క మాటలో తెచ్చీస్తే వచ్చీస్తాదేటి?"

నా కథల మీద చాలామంది పెద్దలు అభిప్రాయాలు చెప్పారు. భాష బాగుందన్నారు, సందేశం ఇంకా బలంగా ఉండాలన్నారు. నా నోరు మూయించింది మాత్రం ఈ ఒక్క మాటే. నిజమే. మునగడం మీద నేను పడ్డ కష్టం తేలడం మీద ఎప్పుడూ పడలేదు. మునిగితే కొంగులొస్తాయి. తేలితే ఎవరేడుస్తారు.

వాళ్లందరూ ఇసుకలో కూర్చున్నారు. ఆవిడ నా ఎదురుగా కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. నేను పారిపోతానని అనుమానం. మళ్లీ చెప్పడం మొదలెట్టాను. జనరేటరు మోత, మంత్రిగారి ప్రసంగం, వాటి కింద నా గొంతు. పడవలో ఇద్దరు అనబోతే ముగ్గురు అంది. నా కథలో మూడోవాడికి చోటు లేదు. ఎవరు వాడు, ఎందుకున్నాడు, మావకీ అల్లుడికీ మధ్య మాటల్లేవంటే మూడోవాడు ఉంటే క్యారేజీతో మాట్లాడాల్సిన అవసరమే లేదు కదా, కథంతా కూలిపోతుంది. ఇవన్నీ ఆవిడకు చెప్పబోయి మొహం చూసి మానేశాను. ముగ్గురున్నారు అన్నాను. ఊ అంది.

పైన మంత్రిగారు ఈ తీరంలో జెట్టీ కట్టి తీరతామని ప్రకటిస్తున్నారు. కింద నేను బోర్లాపడ్డ పడవ అంచుకి మూడోవాడి చేతులు తగిలించాను. ఊ. మావ కనపడలేదు అన్నాను, అలవాటు కొద్దీ. మణికట్టు మీద పట్టు బిగిసింది. మావ కనిపించాడు అన్నాను. తల తేలింది, గుండు మీద నీళ్లు మెరిశాయి అన్నాను. ఊ. పాపం, నా మావ. అన్ని బళ్లలో చచ్చి, నాకు అంత పేరు తెచ్చినవాడు, జనరేటరు బండి పక్కన బతికేశాడు. అల్లుడు మావా అని పిలిస్తే, మావ ఓయ్ అన్నాడు. నాకు నచ్చలేదు. కథకు అది అన్యాయం. గుంపులో మాత్రం ఎవరో ముసలామె ముక్కు చీదింది.

క్యారేజీ కొట్టుకుపోయింది అంటే ఒప్పుకోలేదు. అదీ రావాలట. వలలు తెగిపోయాయి అంటే ఒప్పుకోలేదు. వల పోతే మనిషి వచ్చి ఏం చేస్తాడు అని ఒకామె అడిగింది. సరే, వలా తెచ్చాను. ముగ్గురి చేతా పడవను తిన్నగా తిప్పించాను. నీళ్లు తోడించాను. తోడటం ఎంతసేపు పడుతుందో అంతసేపూ చెప్పాను. ఇంత చప్పగా నేను జన్మలో కథ చెప్పలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు, మలుపులు లేవు, మెరుపులు లేవు. నీళ్లు తోడటం, తెడ్డు వెయ్యడం, మళ్లీ తెడ్డు వెయ్యడం. కానీ ప్రతి మాటకీ ఊ పడుతోంది. ఒక్క గొంతు కాదు, అందరివీ. కాసేపటికి ఆ ఊ లేకుండా నేను ఊపిరి పీల్చలేనేమో అనిపించింది. వాళ్లతో కలిసి నేనూ ఆ పడవను లాక్కొస్తున్నాను. నిజంగా లాక్కొస్తున్నాను.

ఒడ్డు దగ్గర చివరి కెరటాల దాకా తెచ్చాను. అప్పుడే మైకులో నన్ను పిలిచారు. కథ చెప్పిన మేడంగారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి, గౌరవనీయులు సత్కరించబోతున్నారు. ఇంకోసారి పిలిచారు. ఆఫీసరుగారు స్వయంగా వెనక్కి పరిగెత్తుకొచ్చి, మేడం, మంత్రిగారు వెళ్లిపోతున్నారు, ఫొటో ఉంది, తొందరగా రండి అన్నారు. నాకు శాలువా అంటే ఇష్టం లేదని చెప్పను. ఇంట్లో బీరువాలో వాటి కోసం ఒక అర కూడా ఖాళీ చేసి ఉంచుకున్నాను. లేవబోయాను.

ఆవిడ చెయ్యి వదల్లేదు. మొహంలోకి చూసింది, అంతే. ఆ కళ్లలో నా మీద కోపం ఉంటే విదిలించుకుని వెళ్లేదాన్ని. కోపం లేదు. బతిమాలుతోంది.

పడవ ఇంకా నీళ్లలోనే ఉందండీ అన్నాను ఆఫీసరుగారితో. ఆయన నన్ను, ఆ గుంపును, ఇసుకను చూసి, మతిపోయిన వాళ్లతో వాదన ఎందుకన్నట్టు వెళ్లిపోయారు. నా శాలువా వేదిక మీద ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లకు కప్పేశారు. కార్యక్రమం ఆద్యంతం మైకు పట్టుకున్న యాంకరమ్మకు దక్కిందట. మర్నాడు పేపర్లో ఫొటో కింద ప్రముఖ కథకురాలు అని వేశారు. చాలా అందంగా పడింది ఆ అమ్మాయి.

నేను పడవను కెరటం మీద ఎక్కించి ఒడ్డుకి కొట్టించాను. ముగ్గురూ దిగారు. తాళ్లు పట్టుకుని తడి ఇసుక దాటించి, పొడి ఇసుక దాటించి, మెరక దాకా లాగించాను. ఇంక నీళ్లు తగలవు అన్నాను. ఊ అన్నారందరూ. ఆవిడ నా మణికట్టు వదిలింది. వేళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి.

తర్వాత ఏమీ జరగలేదు. వాళ్లు లేచి చీరలు దులుపుకుని నీళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. బాగుందనలేదు, వెళ్లొస్తామనలేదు. నేనూ వెనకే వెళ్లాను. నా బస్సు వేళ అయిపోతోంది, అయినా వెళ్లాను. సముద్రం మీద ఏమీ లేదు. ఎండ పలచబడింది. వెనక డాన్సు పాటలు మొదలయ్యాయి. ఇంత కష్టపడి తెచ్చాను కదా, ఇంకేం కావాలి నీకు అని సముద్రం మీద నాకు పళ్లు కొరుక్కునేంత కోపం వచ్చింది. నమ్మకాలు మా ఇంటా వంటా లేవని చెప్పాను కదా. అయినా ఆవిడ నిలబడ్డ తీరు చూస్తే నాకు చెప్పలేనంత భయం వేసింది. ఆ బోటు రాకపోతే అది నా వల్లేనని ఆవిడ అనుకుంటుంది. నేనూ అనుకుంటానని అప్పుడే తెలిసింది.

చుక్కలాంటిది కనిపించిందని ముందు ఒక పిల్ల అంది. చాలాసేపు చూశాక అది రెండు చుక్కలైంది. వెతకడానికి వెళ్లిన బోటు ముందు, తాడు కట్టించుకుని ఇంకో బోటు వెనక. ఇంజిను చెడిపోయి ఉంటుంది. ఒడ్డుకి వచ్చే చోట వేదిక, కుర్చీలు, రంగు దీపాలు. ఆడవాళ్లు కొంగులు ఊపుతూ, అవతలికి, కార్ల అవతలికి రమ్మని సైగలు చేస్తూ ఒడ్డు వెంట పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. మంత్రిగారి కోసం గీసిన బ్లీచింగు గీతలన్నీ మా కాళ్ల కింద కలిసిపోయాయి. తాళ్లు అందుకుని లాగాం. నాకు లాగడం రాదు. నా కథలో ఇందాకే అంత చక్కగా లాగించాను గానీ, నిజం తాడు అరచేతులు కోసేసింది. నేను ఏడుస్తూ లాగాను. ఎవరూ చూడలేదు, చూసినా పట్టించుకునే తీరిక లేదు.

ముగ్గురు దిగారు. పెదాలు పగిలి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆవిడ ఎగిరి గంతెయ్యలేదు. భర్త దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే ఉంచింది. తర్వాత అన్నం సల్లారిపోనాది, ఆ ముదనష్టపు ఇంజిను అమ్మీమని ఎప్పుడో సెప్పినాను అని మొదలెట్టింది. ఆయన వింటూ, మధ్యలో నన్ను చూశాడు. తడిసిన చీర, చేతిలో హ్యాండుబ్యాగు, చెప్పులు ఎక్కడో పోయాయి. ఈమెవరని కళ్లతోనే అడిగాడు.

"కతలు సెప్పే టీచరమ్మ" అంది. "సాయంత్రం నిన్ను ముంచీసినాది. మల్లీ తీయించినాను."

ఆయన నవ్వుతాడని నేను ముందే మొహం నవ్వుకి సిద్ధం చేసుకున్నాను. నవ్వలేదు. బోటు పక్కన కూలబడి నీళ్లు తాగుతున్న తనతో వెళ్లిన ఇద్దరినీ ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

"ఆల్లిద్దర్నీ కూడా తీసినావా అమ్మా?" అన్నాడు. "రేపు కూడా ఆల్లే వస్తారు నాతోటి."

తీశాను అన్నాను. ముగ్గుర్నీ మెరక దాకా తెచ్చాను అన్నాను. అప్పుడు ఆయన ఇసుకలో కూర్చుని క్యారేజీ మూత తీశాడు.